మోడు మీది మట్టి పిట్ట

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచే జరుగుతుందని మా వైపు నమ్మకం. సాయంత్రం కాగానే ఊరు ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని జమ్మిచెట్టు దాకా బయలుదేరేది. దారి పొడుగునా అందరి చూపూ ఆకాశంలోనే. పిల్లలు చూసుకోకుండా గుంతల్లో కాలు పెట్టి పడేవాళ్లు, పెద్దలు ఒకరికొకరు తగిలి "చూసుకోరాదా" అని విసుక్కుని, మళ్లీ పైకే చూసేవాళ్లు. ఆ పిచ్చి మనుషులకే కాదు, జంతువులకూ ఉండేది. ఇది ఒక కుక్కకు పట్టిన పిచ్చి.

గుట్టకు ఇవతల ఒక పల్లి చేను. గట్టున పశువుల కొట్టం, దాని పక్కన కోళ్ల గూడు, చేను నడుమ పిడుగుపడి ఎండిపోయిన వేపమోడు. వీటన్నిటికీ కాపలా మోతి అనే కుక్క. దానికి భయమంటే తెలియదు, బద్ధకమంటే తెలియదు. ఒకటే దిగులు: బుద్ధెరిగినప్పటి నుంచి పాలపిట్టను చూడనే లేదు.

ఒక దసరాకు కుందేలు "అదిగో!" అంది. మోతి తల తిప్పేలోగా పిట్ట లేదు. ఇంకో దసరాకు సరిగ్గా ఆ క్షణానే తుమ్ము వచ్చింది. ఏటా ఎవరో ఒకరు "అయ్యో, ఇప్పుడే పాయె! ఒక్క చిటికె ముందు వస్తే కనబడుతుండె" అనేవాళ్లే. ఆఖరికి నిన్నగాక మొన్న పుట్టిన లేగదూడ కూడా చూసిందట!

కొట్టంలో బూడిదరంగు మైలెద్దు ఒకటి ఉండేది. దాని ఓపిక చూసి కాడికే సిగ్గేసేది. పొద్దుగూకాక మోతి దాని మేత గాడి అంచుకు గడ్డం ఆనించి అడిగేది.

"మైలన్నా, ఈసారీ చూసినవా?"

"చూసిన."

"ఎట్లుంటది?"

మైలెద్దు నెమరు ఆపి ఆలోచించేది. "నీలంగ. వాన వెలిసినంక ఆకాశం ఉంటది చూడు, అట్ల."

"ఎక్కడ చూసినవు?"

"ఇక్కడే, మన చేన్లనే. ఉరుకుడు ఆపి జర నిలబడు తమ్మీ. అదే కనిపిస్తది."

నిలబడడం ఒక్కటే మోతికి చేతకాదు. "చూసిననాడు ముందుగల నీకే చెప్త, మైలన్నా" అని మాట మాత్రం ఇచ్చింది.

ఒక ఎండాకాలం మైలెద్దు చనిపోయింది. గాడి ఖాళీ అయింది. గుంజకు దాని పలుపు అట్లాగే వేలాడుతోంది. మోతికీ వయసైంది. ఒక కంటికి అప్పటికే పొర కమ్మింది, రెండో కన్ను మసకేస్తోంది. ఈ దసరా దాటితే మరో దసరాకు చూపు ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తీరని ఆశ ఉన్నవాడి చెవి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఎవరు పిలిచినా వింటుంది. ఈ సంగతి నక్కకు బాగా తెలుసు.

దసరా సాయంత్రం ముళ్లకంచె అవతల తోక ఊగింది.

"బావా, బాగున్నవా?"

"కంచె దాటినవంటే నువ్వు బాగుండవు" అని మోతి గుర్రుమంది.

"పండుగ పూట కొట్లాటెందుకు బావా? పాలపిట్టను చూసొస్తున్న, నీ చెవిన ఒక మాట వేసి పోదామని."

మోతి చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఎక్కడ?"

"గుట్ట మీద నున్నటి బండ లేదూ, దాని మీద. పొద్దుగూకే యాళ్లకు వచ్చి వాలుతది. ఏం గొంతనుకున్నవు! పిల్లనగ్రోవే!"

"మా చేన్ల కనబడదా?"

"మీ చేన్లనా!" నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ చేన్ల ఏముంది? ఆ మోడెక్కి గొంతు చించుకునే మట్టి పిట్ట తప్ప."

నిజమే. మోడు మీద ఎప్పుడూ ఒక మట్టి రంగు పిట్ట ముడుచుకుని కూర్చునేది. పామో, పిల్లో, ముంగిసో నక్కి నక్కి వస్తే చాలు, "క్రక్ క్రక్ క్రక్" అని చేనంతా అదిరేట్టు తిట్టేది. ఆ అరుపుకు లేచి మోతి ఎన్ని పాముల్ని తరిమిందో! పిట్టను మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు.

మోతి బయలుదేరడం చూసి జుట్టుకోడి గూట్లోంచి మెడ చాచింది.

"ఏందిరా మోతీ, నక్కతోని ముచ్చట్లు?"

"గుట్ట దాకా పోయొస్త, జుట్టక్కా."

"మనుషులేమో జమ్మికి పాయిరి, నువ్వు గుట్టకు పోతివి. మాకు దిక్కెవరు? దూరపు కొండలు నునుపురా!"

"ఈ ఒక్క పూటే అక్కా. కండ్లు పోతున్నయి నాకు. మైలన్నకు మాటిచ్చిన."

జుట్టుకోడి పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. "జల్ది రా. నా పిల్లలు చిన్నయి" అంది అంతే.

మోతి బండ ఎక్కి కూర్చుంది. పొద్దు ఎర్రబడింది. ఆకాశం ఖాళీగా ఉంది. దూరంగా జమ్మి దారిలో మనుషుల సందడి వినిపిస్తోంది. ఒకప్పుడు ఆ దారినే మైలెద్దు కొమ్ములకు పసుపు రాసుకుని నడుస్తుంటే, తాను ముందూ వెనకా ఉరికేది. పొద్దు ఇంకా జరిగింది. ఇక వచ్చేస్తుంది, ఇదే వేళ.

అప్పుడు కింద చేన్లోంచి వినిపించింది.

"క్రక్ క్రక్ క్రక్!"

మోతి దిగ్గున లేచింది. ఆ గొంతు ఊరికే లేవదు. వెనక్కి చూసింది, ముందుకు చూసింది. కదిలితే పిట్ట పోతుంది. ఈ ఏడు పోతే మరో ఏడు లేదు. కదలకపోతే?

"పిట్ట లేకపోతే పీడాపాయె!" అని ఒక్క దూకులో బండ దిగింది.

గూటి తలుపు కింద నక్క బొక్క తవ్వి తల దూర్చింది. లోపల జుట్టుకోడి రెక్కలు పరిచి పిల్లలకు అడ్డం నిలబడింది. దాని ఈకలు అప్పటికే సగం నక్క నోట్లో ఉన్నాయి. మట్టి పిట్ట నక్క వీపు మీద పొడిచి పొడిచి తిడుతోంది.

"పిట్ట కనిపించిందా బావా?" అంది నక్క, తల బయటికి లాక్కుంటూ.

మోతి జవాబు పంటితోనే చెప్పింది. నక్క కుయ్యోమని కంచెలో పడి, తోక వెంట్రుకలు సగం ముళ్లకు అప్పజెప్పి ఉరికింది. దాన్ని తరుముతూ మట్టి పిట్ట మోతి తల మీదుగా రెక్కలు విప్పింది.

నీలం! వాన వెలిసిన ఆకాశం రెండు ముక్కలై రెపరెపలాడినట్టు!

మోతి నిలబడిపోయింది. ఆ చేన్లో అది కదలకుండా నిలబడడం అదే మొదలు.

పిట్ట తిరిగొచ్చి మోడు మీద వాలి రెక్కలు ముడిచింది. మళ్లీ మట్టి రంగే.

"నువ్వేనా?" అంది మోతి.

"నేను గాక ఇంకెవరు? ఏటా నన్ను చూద్దామని నా కిందనుంచే ఉరుకుతవు."

"పిల్లనగ్రోవి లెక్క పాడుతవన్నది నక్క!"

"ఇప్పుడు పాడిన గద, మంచిగనే విన్నది."

జుట్టుకోడి ఈకలు సర్దుకుంటూ నవ్వింది. "చంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినవు గదరా!"

కంచె అవతల నక్క తోక నాక్కుంటూ ఏడ్చింది. "ఆ మట్టి పిట్టే పాలపిట్టా? తెలిస్తే ముందు దాన్నే మాయం చేద్దును!"

జమ్మి ఆకులు పట్టుకుని మనుషులు తిరిగొస్తున్నారు. మోతి ఎవరికీ ఎదురు పోలేదు. కొట్టంలోకి వెళ్లి, ఖాళీ గాడి అంచుకు గడ్డం ఆనించింది.

"మైలన్నా, చూసిన. నువ్వు చెప్పినట్టే ఉన్నది."

నీతి: ఉరికేవాడి కంటికి ఊరంతా ఖాళీ; నిలిచినవాడికి మోడు మీదే పాలపిట్ట.