నున్నబడిన నల్లబల్ల

ఎంత విడమరిచి చెప్పినా రమీజాకు లెక్క ఎందుకు రావడం లేదో ఝాన్సీకి అర్థం కాలేదు.

ఇద్దరూ ఇంటర్ మొదటి సంవత్సరం. సాయంత్రాలు తాము చదివిన ఊరి బడికే వచ్చి, వరండాలో కూర్చుని కలిసి చదువుకునేవారు. బలాలు, ఘర్షణ పాఠం ఝాన్సీకి కొట్టిన పిండి. రమీజా వాలుబల్ల మీద దిమ్మె ఉన్నట్టు బొమ్మ గీసేలోపే, "అటు కాదే, ఇటు" అంటూ పెన్సిల్ లాక్కుని ఘర్షణకు బాణం వేసేసేది. చకచకా జవాబు రాబట్టేది.

"అర్థమైందా?"

"ఆఁ."

మర్నాడు అలాంటి లెక్కే వస్తే రమీజా బాణం మళ్లీ తప్పే.

ఆ శనివారం రమీజా పుస్తకం మూసేసింది. "నావల్ల కాదులేవే. సోమవారం వెళ్లి సీఈసీలోకి మారిపోతా. ఇంజనీరు నువ్వే అవ్వు."

ఝాన్సీ గబగబా తరగతిలోకి వెళ్లింది. చిన్నప్పుడు తమకు పాఠాలు చెప్పిన సాల్మన్ మాస్టారు దొండాకు పసరులో బొగ్గు కలిపి నల్లబల్లకు రుద్దుతున్నారు. ప్రతి శనివారం ఉండే పనే. సగం బల్ల అయింది, ఆరింది కూడా.

"మాస్టారూ, రమీజా చదువు మార్చుకుంటానంటోంది. ఇంతకన్నా తేలిగ్గా ఎలా చెప్పాలండీ? దాన్ని కాస్తంత కూడా కష్టపడనివ్వడం లేదు నేను."

మాస్టారు సుద్దముక్క ఇచ్చి, రుద్దని సగం చూపించారు. "ఇక్కడో బాణం గియ్యి."

సుద్ద జారిపోయింది. ఝాన్సీ నొక్కి గీసింది. ముక్క విరిగింది.

"ఇది నున్నబడిపోయింది మాస్టారూ. పట్టడం లేదు."

"ఇటు గియ్యి."

రుద్దిన వైపు సుద్ద గరగరలాడింది. తెల్లటి గీత పడింది.

మాస్టారు పసరుముద్ద ఆమె చేతిలో పెట్టారు. "మిగతా సగం నువ్వు రుద్దు. రమీజా, ఇలా రామ్మా! ఆ లెక్కేదో ఈ బల్లమీద చెయ్యి."

లెక్కలో దిమ్మెను వాలుబల్ల మీద పైకి తోస్తున్నారు. రమీజా బొమ్మ గీసింది. ఘర్షణ బాణం పైకి వేసింది.

"అయ్యో, అది..." ఝాన్సీ చెయ్యి చాచింది. మోచేతిదాకా నలుపు.

"ఆ చేత్తో సుద్ద ముట్టుకోకు," అన్నారు మాస్టారు.

ఝాన్సీ పళ్లు బిగబట్టి బల్ల రుద్దింది. రమీజా బొమ్మకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. గోరు కొరికింది.

"ఘర్షణంటే అడ్డుపడాలి కదా," అంది తనలో తాను. "పైకి పోయేదాన్ని పైకే నెడితే అది అడ్డెలా అవుతుంది?"

బాణం చెరిపి కిందికి గీసింది. మళ్లీ ఆగింది.

"ఎవరూ తోయకపోతే దిమ్మె కిందికి జారబోతుంది. అప్పుడైతే పైకి! మొదటి లెక్కలో దిమ్మె ఊరికే ఉందే ఝాన్సీ. అది చూసి అన్నిటికీ పైకే వేసేస్తున్నా!"

"అఘోరించావులే," అంది ఝాన్సీ నవ్వుతూ. పని అయిపోవడంతో బయటికెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది.

రమీజా అప్పటికే పుస్తకం తెరిచి తర్వాతి లెక్క చదువుతోంది. "ఇందులో రెండు దిమ్మెలున్నాయే. బాణం ఎటెయ్యాలి? చెప్పవే."

ఝాన్సీ నోరు తెరిచింది. బల్లవైపు చూసింది. మాస్టారి దగ్గరికి నడిచి, కడుక్కున్న చేతులు రెండూ మళ్లీ మిగిలిన పసరుముద్దలో పెట్టేసింది.