పుల్లడి కడుపులో వంటవాళ్ళు

కొండవాలు చేనులో ఒక కొట్టం. అందులో పుల్లడనే వయసులో ఉన్న ఎద్దు, చుక్కమ్మ అనే ముసలావు కాపురం. రైతు పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్తూ, తొట్టి నిండా నీళ్ళు పోసి, వరిగడ్డి పడేసి, కంచె తలుపు మూసి పోయాడు.

ఆ మధ్యాహ్నమే కంచె కిందనుంచి ఒక గుంటనక్క తల దూర్చింది. దానికి కడుపు నిండి పదిరోజులైంది. పుల్లడి తొడలు చూసి గుటకలు మింగింది.

“ఏం అల్లుడూ, తిన్నదే మళ్ళీ నములుతున్నావు?”

“నెమరు మామా. మా జాతి అలవాటు.”

“అయ్యో, పిచ్చివాడా! నీ కడుపులో కంటికి కనపడని పురుగులు కోట్లున్నాయి. నువ్వు మేసిన గడ్డి ముందు అవి తింటాయి. వాటికోసమే పొద్దస్తమానం దవడలు అరగదీసుకుంటున్నావు.”

పుల్లడు తల తిప్పి పొట్ట వంక చూసుకున్నాడు. నిజమే, కడుపులో ఏదో కదులుతున్నట్టే ఉంది.

“మరెట్లా మామా?”

“గడ్డి మానెయ్. ఆ మూల రెండు బస్తాల జొన్నలున్నాయిగా, అవి దండిగా తిను. పురుగులన్నీ ఒక్క దెబ్బకు చస్తాయి.”

చుక్కమ్మ అవతల ఎండలో కునుకు తీస్తోంది. పుల్లడు కొమ్ముతో బస్తా చీల్చాడు. తియ్యగా ఉన్నాయి జొన్నలు. సగం బస్తా ఖాళీ చేసేదాకా తల ఎత్తలేదు.

తెల్లారేసరికి కడుపు డప్పులా బిగుసుకుంది. నోట్లో పులుపు. నెమరు ఆగిపోయింది. కాళ్ళు నిలవక కూలబడ్డాడు. ఒంటి బాధకంటే మనసు మరీ పాడైంది. ఈగలు ముసిరినా తోక ఆడించబుద్ధి కాలేదు.

నక్క వచ్చి చూసి, “పురుగులు చస్తున్నాయి అల్లుడూ, ఓర్చుకో!” అని, అటునుంచి అటే చుట్టాలను విందుకు పిలవడానికి పోయింది.

చుక్కమ్మ దగ్గరకొచ్చి మూతి వాసన చూసింది. “నెమరు లేదేంరా? ఏం తిన్నావు?”

సిగ్గుపడుతూనే పుల్లడు అంతా చెప్పాడు.

“ఓరి అమాయకుడా! ఆ గడ్డి నీకు అరుగుతుందనుకున్నావా? ఆ పురుగులే వండిపెడుతుంటే నువ్వు తింటున్నావు. నీ బలమూ, నీ హుషారూ వాటి పుణ్యమేరా.”

“నా వంటవాళ్ళను నేనే చంపుకున్నాను పెద్దమ్మా!” పుల్లడు వలవలా ఏడ్చాడు.

“అందరూ పోయుండరులే. నా కడుపులోనూ ఉన్నారుగా.” ముసలావు తన నెమరు ముద్దను పైకి తెచ్చి పుల్లడి ముందు పెట్టింది. “మింగు, దీంతో వాళ్ళు నీ కడుపులోకి చేరతారు.”

“నీ ఎంగిలా?” పుల్లడు మొహం తిప్పుకున్నాడు.

“రోషం తర్వాత చూపిద్దువుగాని. ముందు బతుకు!”

కళ్ళు మూసుకుని మింగాడు. పూటకు రెండు ముద్దల చొప్పున ఆమె పెడుతూనే ఉంది. మధ్యలో గుప్పెడు ఎండుగడ్డి, నాలుగు గుక్కల నీళ్ళు. మొదటిరోజు ఏమీ కాలేదు. రెండోరోజు సాయంత్రం పుల్లడు బ్రేవుమని తేన్చాడు. “వంటవాళ్ళు వచ్చేశార్రా!” అని చుక్కమ్మ లేగదూడలా గంతేసింది. మూడోరోజు పొద్దున్నే గొంతులోకి నెమరు ముద్ద వచ్చింది, పుల్లడి సొంతది. అది నములుతుంటే వాడికి చేనుమీది గాలి చల్లగా తగిలింది. లేచి నిలబడాలనిపించింది.

“ఇప్పుడే లేవకు. నీ నక్క మామ వస్తున్నాడు, కదలకుండా పడుకో,” అంది చుక్కమ్మ.

ఐదుగురు చుట్టాలను వెంటేసుకుని నక్క కంచె దూరింది. “చూశారా నా తెలివి! ఒక్క మాటతోనే కొండంత ఎద్దును పడగొట్టాను. మొదటి ముక్క నాదే,” అంటూ పుల్లడి తొడ మీద పళ్ళు పెట్టబోయింది.

పుల్లడు వెనక కాలు జాడించాడు. నక్క ఎగిరి కంచె ముళ్ళలో పడింది. ఎద్దు లేచి కొమ్ములు వంచేసరికి చుట్టాలు బయటికి పరుగెత్తారు. నక్క కుంటుతూ వాళ్ళను చేరుకుంది.

“రెండు కొండలు దాటించి తెచ్చావు. విందేదిరా?” అని అడిగారు వాళ్ళు, ఆకలి కళ్ళతో దాన్నే చూస్తూ. నక్క మూడు కాళ్ళ మీద పరుగు లంకించుకుంది. ఐదుగురూ దాని వెంటపడ్డారు.

నీతి: కనపడకుండా మనల్ని పోషించేవాళ్ళను కడుపులో పెట్టుకుని చూసుకుంటే, ఒళ్ళూ మనసూ చల్లగా ఉంటాయి.