మునుగుడమ్మకు వేసవిలో నీళ్లు పోయరు

దొండలంక దగ్గర సరస్సు ఒడ్డున వెలసిన మునుగుడమ్మకు గుడి లేదు, గోడ లేదు. శ్రావణంలో వచ్చే భక్తులకు అమ్మ నుదుటి బొట్టు మాత్రమే దర్శనమిస్తుంది. తక్కినదంతా నీళ్లలో ఉంటుంది. పడవలో కూర్చునే హారతి ఇవ్వాలి. వైశాఖంలో వచ్చినవారు పాదాల దాకా నడిచి వెళ్లి మొక్కవచ్చు. అప్పుడు మాత్రం అభిషేకానికి బిందెలతో బయలుదేరకండి. మోసినంత దూరమూ తిరిగి మోసుకుపోవాలి.

పూర్వం ఇక్కడ నాంచారి అనే జాలరి స్త్రీ ఉండేది. చేపలు పట్టే వెదురు మావులు అల్లడంలో ఆమెకు సాటి లేరు. భక్తిలోనూ అంతే, కాస్త ఎక్కువే. ఏటా ఎండలకు సరస్సు వెనక్కి తగ్గి, అమ్మ పాదాల కింద బురద నెర్రెలిచ్చేది. ఒక ఏడు అది చూసి ఆమె ఊరుకోలేకపోయింది. "తల్లి గొంతెండి నిలబడితే మనకి గంజెలా దిగుతుంది?" అని ఊరందరినీ కదిలించి, నీరు సముద్రానికి పోయే కాలువకు అడ్డంగా మట్టికట్ట వేయించింది. ఆ వేసవి అమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలిచింది. ఊరు పండగ చేసుకుంది.

మూడేళ్లు వేసవిలోనూ నీటిమట్టం తగ్గలేదు. తీరమంతా జమ్ము గోడలా పెరిగింది. ఎండని బురదలో తుంగ మొలవలేదు. చేపలు గుడ్లు పెట్టే పచ్చిక కరువైంది, కొంగలు దారి మార్చుకున్నాయి. నీరు కంపు కొట్టింది. నాంచారి మావులు ఖాళీగా వచ్చేవి. నాలుగో ఏట ఊరు వలస పోవడానికి మూటాముల్లె సర్దుకుంది.

ఒక మధ్యాహ్నం మావు అల్లుతూ కునుకు తీసిన నాంచారికి అమ్మ కలలో కనబడింది. "నా కాళ్లు నానిపోయాయే పిచ్చిదానా. కాస్త ఎండనివ్వు" అంది.

ఆమె గునపం పట్టుకుని కట్ట మీదికి వెళ్లింది. ఊరిపెద్ద వీరాస్వామి అడ్డు నిలిచాడు. "ఉన్న నీళ్లూ పోతే పిల్లాజెల్లా ఎట్టా బతకాలే?" అన్నాడు.

"కట్ట వేయమన్నది నేనే బాబాయ్. తెంచాల్సిందీ నేనే" అని ఆమె కట్ట తెగ్గొట్టింది.

నలభై రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె నీళ్లు దిగి మళ్లీ విచ్చిన నెర్రెల మధ్యే, అమ్మ పాదాల దగ్గర కూర్చుంది. ఆఖరికి ఒక చిరుజల్లు పడింది. మూడోనాటికి పగుళ్లలో పచ్చటి మొలకలు లేచాయి. తర్వాత వరద ఆ పచ్చికను ముంచింది, చేపలు అందులో గుడ్లు పెట్టాయి. కార్తీకానికి కొంగలు తిరిగి వచ్చాయి. ఊరు మూటలు విప్పుకుంది. ఎంతటి తల్లి! ఎండినా మునిగినా బిడ్డల కోసమే.

నేటికీ చైత్రంలో కాలువలో పేరుకున్న మట్టిని, లంకలోకెల్లా పెద్దావిడ తొలి గునపం వేశాకే తీస్తారు. అమ్మ పాదాల కింది ఎండుమట్టిని భక్తులు పిడికెడు ప్రసాదంగా తీసుకువెళతారు. అది ఉన్న ఇంట తిండికి లోటుండదని నమ్మకం. తెలియక బిందె తెచ్చినవారిని నాంచారి వంశపు ఆడపడుచు నవ్వుతూ ఆపుతుంది.

"ఇప్పుడొద్దమ్మా. తల్లి ఎండలో ఉంది. మా కూడు మొలిపిస్తోంది."