దూదమ్మ చెవులు మూసుకున్న రోజు

కొండవాలు కింద వాగు, వాగొడ్డున వెన్నలాంటి లేతగడ్డి. అక్కడి కుందేళ్లకో కట్టుబాటుంది. మంద మేస్తుంటే రోజుకొకరు బండమీద కూర్చుని చెవులు రిక్కించాలి. ఆకు కదిలినా వెనక్కాలితో నేలమీద దబ్బుమని కొట్టాలి. ఆ చప్పుడుకి అందరూ బొరియల్లో దూరతారు.

ఆవేళ వంతు దూదమ్మది. తొలివానకి తడిసి మూడ్రోజులుగా జలుబు. పొద్దున్నే కొండ దిగుతుంటే చెవులు రెండూ బిగుసుకుపోయాయి. కళ్లకింద, నుదుట్లో ఎవరో బండ పెట్టి అదిమినట్టుంది. వాగు పారుతోంది, చప్పుడు లేదు. తన గుండె ఒక్కటే లోపల దడదడలాడుతోంది.

ఎదురుగా తన ముగ్గురు పిల్లలు గడ్డిలో దొర్లుతున్నారు. "చెవుడొచ్చిందని తెలిస్తే మందలో ఉండనిస్తారా?" అనుకుంది. ఎవరికీ చెప్పకుండా వెళ్లి బండమీద కూర్చుంది.

అవతలి ఒడ్డున నక్క తిరగడం మందకి మామూలే. అది దూదమ్మని ఒకసారి పిలిచింది, రెండుసార్లు పిలిచింది. గొంతు చించుకుంటే గానీ దూదమ్మ తిరగలేదు. నక్కకి అర్థమైపోయింది. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి!

"అయ్యో కోడలా, చెవుడొచ్చిందా?" అని అరిచింది. ఆ అరుపు దూదమ్మకి బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"మెల్లగా మామా! మావాళ్లు వింటారు."

"ముక్కు రెండువైపులా మూసుకుని బలంకొద్దీ ఊదు. ఆపైన చెవులు ఒంటికి అణుచుకుని, కళ్లు మూసుకు కూర్చో. మధ్యాహ్నానికి గంట మోగినట్టు వినబడకపోతే నన్నడుగు!"

నక్క వాగు దాటే ఎగువ రేవు వైపు నడిచింది. దూదమ్మ ఊదింది. చెవిలో సూది దిగినట్టయింది. కళ్లనీళ్లు జలజలా రాలాయి.

గట్టుమీద నెమరేస్తున్న ముసలి ఎద్దు పోలయ్య లేచి వచ్చాడు. చెవిదగ్గర మూతిపెట్టి, "ఏం తల్లీ, ఏడుస్తున్నావు?" అన్నాడు.

ఇక దాచలేకపోయింది. "చెవులు పోయాయి తాతా. నా పిల్లలు..."

"ఓసి పిచ్చిదానా, వడ్లగింజలో బియ్యపుగింజ! ముక్కు వెనకనుంచి చెవిలోకి సన్నని దారుంటుంది. జలుబుకి అది వాచింది. కొండమీద గాలి పలచన, కింద చిక్కన. దారి తెరుచుకోక లోపలిగాలీ బయటిగాలీ సరితూగలేదు. అంతే!"

"ముక్కు మూసుకుని ఊదమన్నాడే నక్క మామ?"

"అంత బలంగా ఊదితే చెవి చెడుతుంది. నా ఊపిరి వెచ్చన, ముక్కు ఇక్కడ పెట్టు. గడ్డి నములు, మింగు, ఆవలించు. జ్వరమొచ్చినా, చీము కారినా కొంగ వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే."

దూదమ్మ ఆ వెచ్చటి ఆవిరి పీల్చింది. నమిలింది, మింగింది. ఏమీ వినబడలేదు. మళ్లీ మింగింది. రేవు వైపు చూస్తే నక్క కనబడలేదు. ఎటు పోయిందో వినబడాలి! నోరంతా తెరిచి ఆవలించింది.

టప్!

వాగు గలగలమంది. గాలి, పిల్లల నవ్వు, ఆ వెనకే ఎండుటాకులు నలిగే చప్పుడు! చెవిటిదే కదా అని నక్క పెళ్లాంతో దాపరికం లేకుండా కబుర్లాడుకుంటూ వస్తోంది.

"పెద్దపిల్ల నాకు, చిన్నపిల్లలిద్దరూ నీకు. చెవిటిదాన్ని ఆఖర్న చూద్దాం."

"నిజంగా వినబడదంటావా?" అంది పెళ్లాం.

"చెవిలో డప్పు కొట్టినా కదలదు!"

దూదమ్మ నేల అదిరేట్టు దబ్బుమని కొట్టింది. గడ్డి ఒక్కసారి అల్లాడి ఖాళీ అయిపోయింది. నక్క ఎగిరి దూకితే పంటికింద మట్టి పడింది. తల ఎత్తేలోగా పోలయ్య కొమ్ము తగిలి వాగులో పడి, బురదమూతితో అవతలి ఒడ్డుకి తేలింది. పెళ్లాం అప్పటికే పరుగు.

"నీకు... నీకు వినబడదు కదే!" అని రొప్పింది నక్క.

"కళ్లు మూసుకోమన్నావు మామా, నోరు తెరవొద్దనడం మర్చిపోయావు," అంది దూదమ్మ.

నీతి: నొప్పిని అయినవాళ్ల దగ్గర దాస్తే, అది ముందు పగవాడికే తెలుస్తుంది.