ఊక మూట లాగిన నక్కపిల్ల

గోదారి మధ్య ఓ లంక. అందులో జంతువులన్నింటికీ కలిపి ఒకే పడవ. వరదొస్తే అందరూ దాన్నెక్కే అవతలి గట్టు చేరాలి. తెడ్లు వేసేది ఈడొస్తున్న కుర్రకారు. తెడ్డు పట్టినవాడి ఇంటిల్లిపాదికీ మొదటి విడతలోనే చోటు. పోయినేడు కనకయ్య నక్క కుటుంబం మూడో విడత దాకా పీకల్లోతు నీళ్లలో నిలబడింది. ఆ భయం కనకయ్యను ఇంకా వదల్లేదు. ఈసారి తల్లిలేని మేనల్లుడు బుచ్చిగాణ్ణి ఎలాగైనా తెడ్డు దగ్గర కూర్చోబెట్టాలనుకున్నాడు.

కుర్రాళ్ల బలం చూసే పని భద్రయ్య ఎద్దుది. ఎముకలు ముదరని పిల్లలు కదా, అందుకని ఎవరి ఒంటికి తగ్గ ఇసక మూట వాళ్లకు విడిగా కట్టి చింతకొమ్మ కింద పెట్టేవాడు. కొమ్మ మీదుగా తాడు వేసి మూటను పైకి లాగాలి. మొదట మెల్లగా లాగి కాసేపు ఆపితే అది బలం. తరవాత భద్రయ్య మూడు లెక్కపెట్టేలోగా ఒక్క ఊపున లాగితే అది విసురు.

మధ్యాహ్నం అందరూ తిండికి పోయారు. కనకయ్య బుచ్చిగాడి మూట విప్పి, ఇసక ఏట్లో పారబోసి, ఊక కూరి, పైన నాలుగు గుప్పెళ్ల ఇసక చల్లి మూతి బిగించాడు.

పరీక్ష మొదలైంది. పందిపిల్ల ఆపసోపాలు పడింది. కోతిపిల్ల పైడిగాడు ఫర్వాలేదనిపించాడు. బుచ్చిగాడు లాగితే మాత్రం భద్రయ్య "ఒకటి" అనేలోపే మూట కొమ్మకు తగిలింది. వాడు తాడు వదిలాడు. మూట చప్పుడు లేకుండా నేల మీద పడింది.

భద్రయ్య చెవులు నిక్కాయి. ఆయన కనకయ్య వైపు తిరిగాడు.

"కుర్రోడికి ఏం పెడతన్నావయ్యా?"

"ఏముందండీ, పీతలేనండి. ఒళ్లంతా మా అక్క పోలికండి ఆడిది."

"అయితే ముందు తెడ్డు ఆడిదే. ఏటికి ఎర్రనీరు తగిలింది, వరదొచ్చేలా ఉంది. ఇప్పుడే సుడి దాకా ఓసారి పోయిరండి. కుర్రోడికి పెద్దదిక్కువి, నువ్వూ ఎక్కు."

"నేనెందుకండీ? మోకాళ్ల నొప్పులండి."

"కూర్చోడానికి మోకాళ్లతో పనేంటయ్యా?"

అందరూ నవ్వారు. కనకయ్యకు ఎక్కక తప్పలేదు. వెనక తెడ్డు పైడిగాడు పట్టాడు.

ఏరు ఉరకలేస్తోంది. ఎదురుగా సుడి గిర్రున తిరుగుతోంది.

"ఒరే బుచ్చీ, పక్కనించి పోనీరా!"

"పక్కనించి ఎందుకు మావయ్యా? మూడు లెక్కెట్టేలోగా మధ్యలోంచి దాటించేస్తా చూడు!"

వాడి ధీమా చూసి కనకయ్య పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు. పడవ సుడి అంచుకు చేరింది. బుచ్చిగాడు తెడ్డు లాగాడు. అది కదల్లేదు. పళ్లు బిగించి మళ్లీ లాగాడు. లేత భుజాలు వణికిపోయాయి.

"మావయ్యా, రావట్లేదు!"

పడవ పక్కకు ఒరిగింది. కనకయ్య ఇక తట్టుకోలేక గట్టు వైపు తిరిగి కేకపెట్టాడు.

"భద్రయ్యగారండీ! పిల్లోణ్ణి కాపాడండి! ఆడు లాగింది ఇసక కాదండి, ఊకండి! నేనే కూరానండి!"

ఆ మాట గట్టు మీద అందరికీ వినబడింది. అంతలో పడవ ఒక్క కుదుపుతో ఆగింది. పడవ వెనక నీళ్లలోంచి తాడొకటి బిగుసుకుని పైకి లేచింది. దాని రెండో కొస భద్రయ్య మెడకుంది. ఆయన వెనక్కి అడుగులేస్తూ పడవను ఒడ్డుకు లాగేశాడు.

"చప్పుడు లేకుండా పడే ఇసక నేనెక్కడా చూళ్లేదయ్యా," అన్నాడు. "సంగతి నీ నోటితోనే చెప్పిద్దామని, మీరెక్కేటప్పుడు తాడు కట్టేశాను."

కనకయ్య చీవాట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. కానీ ఎవరూ తిట్టలేదు. బుచ్చిగాడు మాత్రం ఎర్రగా కమిలిన అరచేతులు చూసుకుంటూ దగ్గరికొచ్చాడు.

"అయితే నేను లాగింది ఊకా మావయ్యా?"

కనకయ్య తల దించుకున్నాడు.

"మరి నా బలం ఎంత?"



నీతి: దొంగ పరీక్షతో పిల్లల్ని గెలిపించే పెద్దలు, తమ బలమెంతో ఆ పిల్లలకే తెలియకుండా చేస్తారు.