కంచుకొండ మీద వాలిన చిలుక

అనగా అనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒకే ఒక్క కొండ. కొడుకులు ఏ రాజుకైనా ఉంటారు గాని, అంత పచ్చటి కొండ ఎవరికుంటుందర్రా! మబ్బులు దాన్ని చూసి ఆగేవి. వాగులన్నీ దానిమీంచే దిగేవి.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడొచ్చి ఆ కొండను జోలెలో వేసుకుపోయాడు. వాగులెండాయి. పెద్దకొడుకు వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, రాయైపోయాడు. మూడోవాడు విక్రమకేతు బయలుదేరుతుంటే ఒక గోరువంక అడ్డొచ్చింది.

"వెళ్లకు నాయనా! వాడి ప్రాణం చిలుకలో ఉంది. ఆ చిలుక మీ కొండమీదే పుట్టింది. కొండ జోలెలో ఉందని తెలీక, బెంగతో ఆకాశమంతా వెతుకుతోంది. అలాంటి కొండే కనబడితే తానే వచ్చి వాలుతుంది."

ఇంటింటా బిందెలూ చెంబులూ కరిగించారు. కంచరి సోమాచారి చరియలతో, చెట్లతో, జలపాతంతో ఊరిబయట కంచుకొండ పోశాడు. చిలుక వచ్చింది, కొత్త మెరుపు చూసి బెదిరిపోయింది. రెండోసారి వచ్చేసరికి ఇంకా ధగధగ! పండగొచ్చిందని ఆడవాళ్లు కొండను చింతపండుతో తోమేశారు మరి.

"కొండను తోముతారా ఎక్కడైనా!" అని గోరువంక తలబాదుకుంది.

అప్పుడు కొండంతా పుల్లమజ్జిగ పూసి కడక్కుండా వదిలేశారు. చిలుము పట్టి పచ్చబడింది. మూడోసారి చిలుక వాలింది. విక్రమకేతు ఒడిసిపట్టాడు.

"నా మెడ నులిమితే మాంత్రికుడు చస్తాడు, మీ అన్నలు లేస్తారు" అని ఏడ్చింది చిలుక. "కాని కొండ ప్రాణం కూడా నాలోనే పెట్టాడు. నాతోపాటు అదీ పోతుంది."

"రెండూ దక్కే దారి లేదా?"

"లేదు బాబూ."

విక్రమకేతు తల్లివైపు చూశాడు. ఆవిడ ఔననలేదు, కాదనలేదు, కళ్లు మూసుకుంది. అతను ఏడుస్తూనే నులిమాడు.

అన్నలు ఇంటికొచ్చారు. కొండ రాలేదు. మబ్బులు కంచుకొండ దగ్గర ఆగి కురిసేవి. ఆ నీళ్లు జర్రున జారి సముద్రంలో కలిసేవి. గడ్డిపోచ మొలవలేదు, వాగు పారలేదు. జనం నూతుల్లో బురదనీళ్లు తోడుకుని బతికారు. అన్నలు రాజ్యం తమ్ముడికే ఇచ్చారు. విక్రమకేతుకు పెళ్లయింది, చాలాకాలం ఏలాడు కూడా. కాని అతని గుండెలో దిగులు ఏనాడూ తీరలేదు.

ఒకరోజు అతని చిన్నకూతురు పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, పొరుగుదేశంలో మట్టికొండలున్నాయట! వాటిని ఏ కంచరివాళ్లు పోశారు?"