కాటర్ పిన్ను

పోలినాయుడికి ఆ పొద్దున టీ గొంతు దిగలేదు.

కొండదారి మొదట్లో రేకుల షెడ్డు మదార్ సాహెబ్‌ది. కొండలెక్కే జీపులూ లారీలూ ఏ రోగమొచ్చినా ఆయన దగ్గరికే వస్తాయి. అందరికీ ఆయన ఉస్తాద్. పోలినాయుడు మీసాలు రాకముందే ఆయన దగ్గర చేరాడు. ఇప్పుడు ఆ మీసాల్లో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఉస్తాద్ తరవాత ఆ షెడ్డులో చెయ్యి తనదేనని అతని నమ్మకం. మొన్నటి వర్షాలకి బొజ్జన్న వచ్చేదాకా ఆ నమ్మకానికి ఢోకా లేదు.

బొజ్జన్న పైకొండల మనిషి. కొన్నాళ్ళు లారీలు నడిపాడు, తరవాత పని నేర్చుకుంటానని వచ్చాడు. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడినా నవ్వుతూ మాట్లాడతాడు. ఆ నవ్వు చూస్తేనే పోలినాయుడికి ఒళ్ళు మండేది.

ఆ మంటకి ఆజ్యం పోసింది సంత లారీ. నాలుగు చక్రాలూ లాగే పాత బండి అది. రోడ్డు లేని ఊళ్ళకి ఉప్పూ ఉల్లీ మనుషులూ అందులోనే వెళ్ళాలి. స్టీరింగ్ తిప్పితే చక్రం ఓ క్షణం ఆలోచించి గాని తిరగడం లేదని డ్రైవరు తెచ్చి పడేస్తే, పోలినాయుడు ముందు ఇరుసుని జాకీ మీద లేపి, రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్ చివరలు రెండూ మార్చి పంపాడు. వారం తిరక్కుండా బండి మళ్ళీ వచ్చింది. "ఏటి నాయుడూ, అలాగే ఉంది గదా!" అని నలుగురిలో అని, డ్రైవరు బండి వదిలి పై ఊరికి పోయాడు.

ఉస్తాద్ ఈసారి బొజ్జన్నని పిలిచాడు.

బొజ్జన్న జాకీ తీయించేశాడు. "బరువు నేల మీద ఉన్నప్పుడే కదా అన్నా, అరుగుడు బయటపడేది. నువ్వు స్టీరింగ్ అటూ ఇటూ ఆడించు" అని తను కింద దూరి, ఒక్కో కీలు మీదా అరచెయ్యి వేసి చూశాడు. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే పొడుగు రాడ్డు దగ్గర చెయ్యి ఆగింది. "ఇదిగో, ఇక్కడ కొట్టుకుంటోంది."

ఉస్తాద్ వంగి తనూ చెయ్యి పెట్టి చూశాడు. "చెయ్యి బాగుంది" అన్నాడు.

ఆ రెండు మాటల కోసం పోలినాయుడు ఇన్నేళ్ళూ ఎదురు చూశాడు. తన చెయ్యి గురించి ఆయన ఎన్నడూ అనలేదు. సీట్లో కూచుని స్టీరింగ్ ఆడిస్తూ, ఆ మాటలు వేరేవాడికి పోవడం చెవులారా విన్నాడు.

అందుకే టీ దిగలేదు. ఉండబట్టలేక అడిగేశాడు. "వాడు నిన్న గాక మొన్న వచ్చినోడు, ఉస్తాద్. నా దగ్గర ఏటి తక్కువ?"

ఉస్తాద్ అతని గ్లాసు వంక చూశాడు. "చల్లారిపోతోంది, తాగు" అన్నాడంతే.

మధ్యాహ్నానికి బొజ్జన్న పాత రాడ్డు ఊడదీసి కొత్తది బిగించాడు. రెండు చివరలా కొత్త కీళ్ళు వేశాడు, గ్రీజు కొట్టాడు, చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో తాడు లాగి చూశాడు. ఆ హడావిడంతా పోలినాయుడు దూరం నుంచి, ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అన్నట్టు చూస్తూనే ఉన్నాడు.

చివరికి బొజ్జన్న చేతులు తుడుచుకుంటూ అతని దగ్గరికే వచ్చాడు. "అన్నా, ఓసారి కిందకెళ్ళి చూడవా. చేసినోడి కంటికి తప్పు ఆనదు."

పోలినాయుడు కిందకి దూరాడు. పని నున్నగా ఉంది. వంక పెట్టడానికి లేదు. అప్పుడు కనిపించింది. చక్రం వైపు కీలు దగ్గర నట్టు బిగించి ఉంది గాని, అది ఊడిపోకుండా అడ్డంగా దూర్చే కాటర్ పిన్ను లేదు. బెజ్జంలోంచి అవతలి వెలుతురు కనబడుతోంది.

అతని గుండె ఒక్కసారి ఎగిరిపడింది. సంతోషంతోనే.

ఇవాళేమీ ఊడదు అనుకున్నాడు. రాళ్ళ మీద అదిరి అదిరి, ఏ నాలుగు రోజులకో వదులవుతుంది. అప్పుడు డ్రైవరు మళ్ళీ వస్తాడు. నలుగురిలో ఈసారి బొజ్జన్నని అంటాడు. అక్కడితో ఆలోచన ఆపేశాడు. నట్టు ఊడేచోట దారి పక్కన ఏముంటుందో ఆ ఆలోచనని చూడనివ్వలేదు.

బయటికొచ్చి వీపు దులుపుకున్నాడు. "బానే ఉంది" అన్నాడు.

బండిని పై ఊరికి చేర్చాలి. సంతకి పోయే ఆడవాళ్ళు మూటలతో షెడ్డు నీడన కూచుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె ఉస్తాద్‌ని అడిగింది. "ఎక్కమంటారా సాయిబుగారూ? ముందు ఓసారి నడిపి చూస్తారా?"

"పోలినాయుడు చూశాడమ్మా. చూసేదేముంది, ఎక్కండి."

వాళ్ళు ఎక్కారు. ఆ అడిగినామె చంకలో బిడ్డని పైనున్నవాళ్ళకి అందించి, తను చక్రం మీద కాలేసి ఎక్కింది. ఉస్తాద్ తాళం పోలినాయుడి చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపు. నేనూ వస్తాను."

పోలినాయుడు సీట్లో కూచున్నాడు. తాళం పెట్టాడు. తిప్పబోతే చెయ్యి తిరగలేదు. వెనక ఆ బిడ్డ ఏడుస్తోంది. ఎవరో జోకొడుతున్నారు.

దిగాడు. డబ్బాలోంచి కాటర్ పిన్ను తీసుకుని, చక్రం పక్కన కిందకి దూరాడు. పిన్ను దూర్చి, దాని కాళ్ళు రెండూ విడదీసి వంచాడు. ఇవతలికి వచ్చేసరికి బొజ్జన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిన్ను వెయ్యలేదా నేను? ఎంతమందిని... నువ్వు చూడబట్టి గదా అన్నా!" అంటూ అతని చెయ్యి పట్టుకోబోయాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఆ క్షణంలో పేరంతా పోలినాయుడిదే.

"ఇందాకే చూశాను" అన్నాడు పోలినాయుడు. "చూసే చెప్పలేదు."

బొజ్జన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అతని మొహం మీద ఎప్పుడూ ఉండే ఆ నవ్వు లేదిప్పుడు. అవతలివైపు తిరిగి వెళ్ళి, బండెక్కి, ముందు సీట్లో కిటికీ పక్కన కూచున్నాడు.

పోలినాయుడు తాళం ఉస్తాద్ ముందు చాపాడు. "మీరే నడపండి. నన్ను నమ్మకండి ఉస్తాద్."

పక్కనే ఉండి అంతా విన్న ఉస్తాద్ తాళం అందుకోలేదు. బండెక్కి ఇద్దరి సీట్లకీ నడుమ సర్దుకుని కూచున్నాడు. భుజం మీది తువ్వాలు మడిచి మెడ కింద పెట్టుకున్నాడు.

"ఘాట్ దాటాక లేపు" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

బండి కదిలింది. మొదటి మలుపు రాకముందే ఆయనకి నిద్ర పట్టేసింది. ఎడమపక్క లోయ మొదలయ్యేసరికి, ఆ ముసలి తల మెల్లిగా జారి పోలినాయుడి భుజం మీద వాలింది.

పోలినాయుడు గేరు తగ్గించాడు. ఆ భుజం కదలకుండా మలుపు తిప్పాడు.